ఎడమ పక్కన ఒక మనిషి జాగా

క్రిస్మస్ సెలవులకు ఆగ్రా పోతున్నామని మా బడిలో కొత్తగా చేరిన సైన్సు టీచరు చెప్పింది. పెళ్లయి ఆరు నెలలు. మొగుడు పెద్ద కెమెరా కొన్నాడట, దాన్ని ఎటు తిప్పాలో ఇద్దరికీ తెలియదట. "మీరు పోయొచ్చినారంట గదా మేడమ్, తాజ్ మహల్ కాడ ఫోటోలు బాగా రావాలంటే ఏం జెయ్యాల?" అని అడిగింది. నేను క్యారియర్ మూత పెట్టేసి అందుకున్నాను.

తెల్లచీర, మీగడరంగు చీర కట్టుకోవద్దు. వెనక పాలరాయి, ముందు మంచు, మధ్యలో నువ్వు కనపడకుండా పోతావు. ఎర్రదో, ఆవపువ్వు రంగుదో కట్టుకో. శుక్రవారం పోవద్దు, ఆ రోజు మూసేస్తారు. తెల్లవారగానే పోయి మంచు చూసి తిట్టుకుంటూ వెనక్కి రావద్దు, తొమ్మిదిన్నర దాకా లోపలే కాచుకో. మంచు పూర్తిగా పోయాక తీసినా దండగే, పోతూ పోతూ ఉన్నప్పుడు తీయాలి. మంచు కెమెరాను మోసం చేస్తుంది, బొమ్మ బూడిదరంగుకు తిరుగుతుంది, వెలుతురు ఒక మెట్టు పెంచమని మీ ఆయనకు చెప్పు. చలికి బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఇంకోటి చొక్కా లోపలి జేబులో ఒంటికి తగిలేట్టు పెట్టుకోమను. బయటి నుంచి లాడ్జి గదిలోకి పోయేటప్పుడు కెమెరాను ప్లాస్టిక్ కవరులో చుట్టి తీసుకుపో, లేకుంటే అద్దానికి చెమట పడుతుంది. అందరూ కూర్చునే నడిమి బెంచీ మీద కూర్చోవద్దు, పడమటి పక్క ఎర్రరాతి మసీదు ఉంటుంది, దాని కమాను దగ్గర నిలబడు. గోపురం కొనను వేళ్లతో పట్టుకున్నట్టు మాత్రం తీసుకోవద్దు, తల్లీ.

ఆ పిల్ల ఫోనులో రాసుకుంటూ రాసుకుంటూ తలెత్తి, "మీకు ఫోటోగ్రఫీ ఇంత తెలుసా మేడమ్?" అంది. నాకేం తెలుసు నా మొహం. నేను సరైన కెమెరా చేత్తో పట్టుకున్నది జన్మలో ఒక్క పొద్దున. పైన చెప్పిన ప్రతి ముక్కా ఒక మనిషి నోటినుంచి వచ్చింది. చెబుతున్నంతసేపూ నా గొంతులో ఆయన విసుగు కూడా నాకు వినిపించింది. ఆయన మొన్న శ్రావణంలో పోయాడు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు ఎంత దూరమని, బస్సెక్కితే గంట కూడా పట్టదు. అయినా నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతి ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

పేరు రాయను. ప్రొద్దుటూరులో స్టూడియో ఉన్నా, తీసిన ఫోటో కింద దాని పేరు వేయడానికే ఇష్టపడని మనిషి. "మొగమ్మీద నా పేరు ఏంటికి?" అనేవాడు. ఊరంతా మామా అని పిలిచేది, నేను మాత్రం అన్నా అనేదాన్ని. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏళ్ల తరబడి సంచి మోసి కుడిభుజం ఎడమభుజం కంటే కిందికి జారిపోయింది. మనతో మాట్లాడుతూ మాట్లాడుతూ రెండడుగులు వెనక్కి వేసేవాడు. తెలియనివాళ్లు తమ నోరు వాసన వస్తోందేమోనని అనుమానపడేవాళ్లు. అది ఆయన మనిషిని కొలుచుకునే పద్ధతి.

వెలుతురును మాత్రం అరచేతిలో చూసేవాడు. బయటికి రాగానే ఎడమచేయి చాపి, వేళ్లు దగ్గరగా పెట్టి, అరచేయి అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు. వెలుతురు మెత్తగా ఉంటే అరచేతి గీతలు కనపడవట, కఠినంగా ఉంటే ప్రతి గీతా లెక్కపెట్టొచ్చట. మా ఆయన మొదటిసారి చూసి, "ఈ మనిషికి ఏదో చెడ్డ దశ నడుస్తున్నట్టుంది, గంటకోసారి చేయి చూసుకుంటున్నాడు" అన్నాడు. ప్రొద్దుటూరు ఎండలో ఆ చేతిగీతలు ఎప్పుడూ లెక్కపెట్టే వీలుగానే ఉండేవి.

నవ్వమని ఎవరికీ చెప్పేవాడు కాదు. "ఊపిరి ఇడువు" అనేవాడు. ఊపిరి వదిలితే మనిషి భుజాలు దిగుతాయి, మొహం మొహంలాగా ఉంటుంది, అప్పుడు నొక్కేవాడు. ఆగ్రాలో మాత్రం ఇది పనికిరాలేదు. అక్కడ చలికాలంలో ఊపిరి వదిలితే మొహం ముందు పొగ. అందుకని అక్కడ "ఊపిరి బిగబట్టు" అనేవాడు. ప్రొద్దుటూరులో చాలా ఇళ్లలో ఆయన తీసిన ఫోటోలు రెండేసి ఉంటాయి. పెళ్లిలో తీసింది ఊపిరి వదిలింది, ఆగ్రాలో తీసింది ఊపిరి బిగబట్టింది. పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

ఆగ్రా సంగతి ఏమిటంటే, ప్రతి చలికాలం మా వైపు నుంచి నలభైమందిని పోగుచేసి కాశీ, ప్రయాగ తిప్పి తీసుకొచ్చేవాళ్లు. ఎర్రగుంట్లలో రైలెక్కడం, మధ్యలో బండి మారడం, పన్నెండు రోజుల ప్రయాణం. దాంట్లో ఆగ్రా ఒక పూట. ఈయన కూడా యాత్రికుల్లో ఒకడుగా వచ్చి అందరికీ ఫోటోలు తీసేవాడు. "కాశీకి పోయేది పుణ్యానికి, ఆగ్రాకు పోయేది ఫోటోకు. పుణ్యం కనపరాదు, ఫోటో కనపడతాది. కాబట్టి ఆగ్రాలో జాగర్తగా ఉండండప్పా" అని రైల్లోనే హెచ్చరిక చేసేవాడు. మంకీ క్యాపులు తీయించేవాడు. స్వెట్టర్లు విప్పించేవాడు. మావాళ్లు నగలన్నీ ఒంటిమీద వేసుకుని, వాటిమీద స్వెట్టరూ శాలువా చుట్టుకుని వణుకుతుండేవాళ్లు. "ఒక్క నిమిషం చలికి ఓర్చుకో, నలభై ఏండ్లు గోడమీద ఉంటావు" అనేవాడు.

అందరికీ తెలిసిన ఈ పనులు కాకుండా ఆయనకు మాత్రమే చేతనైన పని ఒకటుంది. దాన్ని మావాళ్లు జాగా ఫోటో అంటారు. ప్రొద్దుటూరులో కువైట్లో పనిచేసేవాళ్లు ఎక్కువ. మొగుళ్లు అక్కడ, పెళ్లాలు ఇక్కడ. మొగుడు సెలవుకు వచ్చేది ఎండాకాలంలో, యాత్ర పోయేది చలికాలంలో. అత్తతోనో అమ్మతోనో వచ్చిన ఆడమనిషిని తాజ్ మహల్ ముందు నిలబెట్టి, పక్కన సరిగ్గా ఒక మనిషి పట్టేంత జాగా వదిలి తీసేవాడు. మొగుడు సెలవుకు వచ్చాక అతన్ని స్టూడియో మిద్దెమీద నిలబెట్టి తీసి, కంప్యూటర్లో తెచ్చి ఆ జాగాలో పెట్టేవాడు. ఎవరైనా చేస్తారు అంటారేమో. చేస్తారు, చూడగానే అతికించినట్టు తెలిసిపోతుంది. ఈయన చేస్తే తెలిసేది కాదు.

దానికి కారణం దారం. కెమెరా నుంచి మనిషికి ఎంత దూరమో మగ్గం నూలుతో కొలిచేవాడు. ఒక కొన కెమెరాకు, ఇంకో కొన ఆమె చేతికి. ఆ కొనను గుండెలకు ఆనించి పట్టుకోమనేవాడు. ఫోటో అయ్యాక ఆ పొడుగుకు దారం తుంచి, అట్టముక్కకు చుట్టి పేరు రాసుకునేవాడు. ఎండాకాలంలో మొగుడు వచ్చినప్పుడు అదే దారం అతని చేతికిచ్చేవాడు. వెలుతురు ఏ చెంపమీద పడిందో కూడా ఆ అట్టమీదే ఉండేది. మిద్దెమీద ఎండను మెత్తబరచడానికి నాలుగు కర్రలకు పలచటి తెల్లబట్ట కట్టేవాడు.

ఇంకో ప్రశ్న అడిగేవాడు. "మీ ఆయన ఎంత పొడుగుంటాడు?" అని. ఆమె చేయెత్తి గాలిలో చూపించేది. ఒకసారి నా కళ్లముందే ఒక పిల్ల చేయి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి, "సూసి మూడేండ్లాయ అన్నా. ఈడికి అనుకుంటాండా" అంది. ఆయన ఇంకో బెత్తెడు జాగా ఎక్కువ వదిలి తీశాడు.

మా ఇంట్లో కూడా ఒక జాగా ఫోటో ఉంది. మా ఆయన కువైట్లో లేడు, ఆగ్రా లాడ్జిలో రెండు రగ్గుల కింద ఉన్నాడు. జ్వరమన్నాడు గానీ అది చలికి భయం. అంత దూరం పోయి తాజ్ మహల్ చూడని మనిషిని నేను మా ఆయన్నే చూశాను. తరువాత ప్రొద్దుటూరు మిద్దెమీద చెమటలు కారుతుండగా స్వెట్టరు వేసుకుని నిలబడ్డాడు. ఇంటికి వచ్చినవాళ్లు ఫోటో చూసి అడిగితే, "ఏం చలి, ఏం చలి" అని ఇప్పటికీ చెబుతాడు.

ఆ ఏడే అన్న భార్య కూడా యాత్రకు వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో అంత దూరం రావడం అదే మొదలు. పొట్టిగా, నల్లగా, నవ్వు మొహంతో ఉండేది. నేను వదినా అని పిలిచేదాన్ని. అన్న బ్యాటరీలన్నీ ఆమె నడుముకున్న గుడ్డసంచిలో చీరకింద వెచ్చగా ఉండేవి. ఆయన చేయి చాపగానే చూడకుండానే తీసి ఇచ్చేది. రైల్లో నా పక్క సీటు. "ఊర్లోవాళ్లందరినీ జంట జేసినాడు. మా ఇద్దరి ఫోటో పెండ్లిది ఒక్కటే ఉండాది టీచరమ్మా. దాంట్లో గూడా ఈయప్ప నాపక్క సూడకుండా ఏలు సూపించి కెమెరా ఆయప్పకు తప్పులు దిద్దుతాండాడు" అని చెప్పి ఇద్దరమూ నవ్వుకున్నాం. ఊరికొచ్చాక వాళ్లింట్లో ఆ ఫోటో చూశాను కూడా. నిజమే. తలంబ్రాల మధ్యలో వేలు ఎత్తి ఉన్నాడు.

ఆగ్రాలో ఆ పొద్దున ఎదుట ఏముందో తెలియనంత మంచు. మావాళ్లు సగంమంది విసుక్కుని టీ కోసం బయటికి పోయారు. ఆయన కదల్లేదు. అరచేయి చూసుకుంటూ నిలబడ్డాడు. తొమ్మిది దాటాక మొదట గోపురం కొన, తరువాత ఒక మినారు, తరువాత అంతా మెల్లగా బయటపడింది. అప్పుడిక ఆయన్ని పట్టలేకపోయాం. ఒకరి తరువాత ఒకరిని పిలిచి, నిలబెట్టి, దారం లాగి, బిగబట్టించి, నొక్కి, పంపించేశాడు. నాదీ అయింది. అందరూ అయ్యాక ఆఖరున వదిన ఆవపువ్వు రంగు చీరలో పోయి నిలబడింది.

నిలబడి, "ఇదో, నువ్వు గూడా రా" అంది.

"నేనొస్తే ఎవురు తీస్తారు?"

"టీచరమ్మకు ఇయ్యి, నొక్కుతాది."

నేను చేయి చాపాను. ఆయన నా చేతివైపు చూశాడు, కెమెరా ఇవ్వలేదు. "టీచరమ్మ నొక్కితే తలకాయలు తెగిపోతాయి. నువ్వు నిలబడు, నాకు జాగా ఇడుస్తాండా. ఊరికి పోయినాంక నన్ను నేను పెట్టుకుంటా" అన్నాడు.

ఆమె కదల్లేదు. "నువ్వుండేది ఈడే గదా. ఈడుండే మనిషికి జాగా ఇడిసేది ఏంది?" అంది.

"మంచు పోతాండాది. దారం పట్టుకో. ఊపిరి బిగబట్టు."

ఆమె దారం కొన గుండెలకు ఆనించి పట్టుకుంది. ఆయన నొక్కాడు. నేను చాపిన చేయి శాలువాలోకి లాక్కున్నాను. తలలు తెగిపోతాయి అన్న మాటకు నాకు రోషం వచ్చింది, అందుకే ఇంకోమాట మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే, బలవంతంగా కెమెరా లాక్కుని ఉంటే, మహా అయితే ఒక తల తెగి ఉండేది. ఆ రోషం నేను ఎన్నోసార్లు తిట్టుకున్నాను.

ఊరికి వచ్చాక ఆయన అందరి జాగాలూ నింపాడు. తనది నింపలేదు. మొదట పెళ్లిళ్ల కాలం అన్నాడు, తరువాత మిద్దెమీద వెలుతురు కుదరడం లేదన్నాడు. అందరికీ కట్టినట్టు బట్ట కట్టుకోవచ్చు కదా అని నేనొకసారి అడిగాను. "ఊర్లోవోళ్లకు బట్ట సాలు. ఆమె పక్కన దొంగ వెలుతుర్లో నిలబడనా?" అన్నాడు. ఆ వెలుతురు దొరికినప్పుడు చూద్దామనుకున్నాడు. ఆమె ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు, మనమందరమూ అనుకున్నట్టే.

రెండో ఏడు ఎండాకాలంలో వదిన పోయింది. మామూలు జ్వరమనుకున్నారు. కడపకు తీసుకుపోయారు, పదకొండో రోజు వెనక్కి తెచ్చారు. నేను పోయేసరికి ఇంటినిండా జనం. ఆయన ఆమె తల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏడవలేదు. కిటికీ దగ్గర ఎవరో నిలబడితే మాత్రం తలెత్తి, "వెలుతురుకు అడ్డం నిలబడొద్దప్పా" అన్నాడు. ఆ మనిషి పక్కకు జరిగాడు. మళ్లీ ఇంకెవరో వచ్చి నిలబడ్డారు. మళ్లీ అదే మాట చెప్పాడు. సాయంత్రం దాకా అదే మాట.

ఆ చలికాలం ఆయన యాత్రకు పోలేదు, ఆ తరువాత ఎప్పుడూ పోలేదు. ఆగ్రా వెలుతురు కోసం మా వైపే తిరగడం మొదలుపెట్టాడు. పుష్యమాసం వచ్చిందంటే మొదటి బస్సుకు జమ్మలమడుగులో దిగేవాడు. మా ఇంట్లో కాఫీ తాగి గండికోటకు పోయేవాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, "కాదమ్మా, ఆడ ఎండ సెంపమీద కొడతాది" అనేవాడు. ఒక ఏడు పులివెందుల పక్క తిరిగాడు, తొండూరు చేలల్లో, వేముల గుట్టల దగ్గర. మంచు లేని సీమలో మంచును వెతికే మనిషిని చూసి జనం నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆగ్రాకే మళ్లీ పోయి అక్కడే నిలబడి తీయించుకోవచ్చు కదా అని అడిగాను. "ఆడికి పోతే ఆ జాగా ఉంటాది టీచరమ్మా, ఆమె ఉండదు. ఆడ నిలబడలేను" అన్నాడు. ఇంక నేను ఆ మాట ఎత్తలేదు.

మూడో చలికాలం ఒక పొద్దున ఫోను వచ్చింది. "దొరికింది" అన్నాడు.

"ఏం దొరికింది అన్నా?"

"ఆగ్రా. కలమల్ల కాడ."

కలమల్ల దగ్గర కరెంటు తయారుచేసే పెద్ద థర్మల్ ప్లాంటు ఉంది. అక్కడి ఉద్యోగస్తుల ఇంట్లో ఏదో ఫంక్షనుకు ఫోటోలు తీయడానికి పోయాడట. బాగా చలిగా ఉన్న పొద్దున, గాలి లేకపోతే, ఆ ప్లాంటు ఆవిరి పైకి పోకుండా చేలమీదికి దిగుతుంది. ఒక అరగంట సూర్యుడు దాని వెనక తెల్లగా కరిగినట్టు ఉంటాడు. "గీతలు కనపడ్ల్యా" అన్నాడు. అరచేతి గీతల సంగతని నాకు అర్థమైంది. "నువ్వొచ్చి నొక్కాల."

"నేను నొక్కితే తలకాయలు తెగిపోతాయి కదా అన్నా" అని నోటిదాకా వచ్చింది, అనలేదు. స్టాండు మీద పెట్టి తనంతట తనే నొక్కుకునే మీట కెమెరాలోనే ఉంటుంది కదా అన్నాను. "దాన్ని పెడితే మనిషి అంకెలు లెక్కబెట్టుకుంటా ఉంటాడు. ఆ మొగం పనికిరాదు" అన్నాడు. తరువాత నెమ్మదిగా, "ఆమె నీకే ఇయ్యమనె" అన్నాడు. నేను వస్తానన్నాను.

ఆదివారం పొద్దున కలమల్ల దగ్గర శనగచేను గట్టుమీద కలిశాం. ఆగ్రాలో వేసుకున్న గోధుమరంగు స్వెట్టరే వేసుకున్నాడు, మోచేతుల దగ్గర చిరిగింది. జుట్టుకు రంగు వేశాడు. ఆగ్రా నాటి మొహం కావాలి కదా మరి. చెవిపైన ఆ రంగు మరక అంటుకుని ఉంటే నా కొంగుతో తుడిచాను. చిన్నపిల్లవాడిలా తల వంచి తుడిపించుకున్నాడు.

సంచిలోంచి అట్టముక్క తీశాడు. దానిమీద ఆమె పేరు. చుట్టిన దారం విప్పి ఒక కొన కెమెరాకు కట్టి నా చేతికిచ్చాడు, రెండో కొన పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. దారం బిగుసుకున్నాక ఆగాడు. ఆగ్రాలో వదిన గుండెలకు ఆనించుకున్న కొనను తన గుండెలకు ఆనించుకున్నాడు. నా వైపు నుంచి చూస్తే కుడిపక్కన ఆమె ఉన్నట్టుగా కొంచెం జరిగి నిలబడ్డాడు. ఆవిరి చేలమీదికి దిగింది. నిజంగానే ఆగ్రాలో ఆ పొద్దుటి వెలుతురే అది.

"ఎడమచెయ్యి కింద పట్టు. మోచెయ్యి డొక్కకు ఆనించు. కుడిచెయ్యి దించు, ఇంకా దించు" అంటూనే ఉన్నాడు. వేలు ఎత్తి చూపిస్తూనే ఉన్నాడు. పెళ్లి ఫోటోలో ఉన్నట్టే ఉన్నాడు.

"అన్నా, నువ్వు మాట్లాడకుండా నిలబడు. ఊపిరి బిగబట్టు" అన్నాను, బడిలో పిల్లలను గదిమినట్టు.

ఆయన బిగబట్టాడు. నేను నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో తెలియదు, ఆవిరి విడిపోయేదాకా నొక్కాను. దగ్గరికి వచ్చి కెమెరాలో ఒక్కొక్కటే చూశాడు. ఒకదాని దగ్గర ఆగాడు. "తల ఉండాది" అన్నాడు. అదే ఆయన నాకిచ్చిన మెచ్చుకోలు.

అటునుంచి అటే ప్రొద్దుటూరు బస్సెక్కి స్టూడియోకు పోయాం. షట్టరు సగం ఎత్తి లోపల కూర్చున్నాం. ఆయన కంప్యూటర్లో వదిన ఫోటో తెరిచాడు. ఆవపువ్వు రంగు చీరలో కుడివైపు వదిన, ఎడమ పక్కన ఒక మనిషి జాగా, ఇద్దరి వెనకా మంచులోంచి వస్తున్న తాజ్ మహల్. తనను తాను కత్తిరించుకోవడానికి గంట పట్టింది. జుట్టు దగ్గర, స్వెట్టరు చిరుగు దగ్గర చాలా నెమ్మదిగా చేశాడు. తరువాత తనను తీసుకొచ్చి ఆ జాగాలో పెట్టాడు.

దారం పొడుగు సరిపోయింది. మనిషి ఎత్తు సరిపోయింది. ఆమె చెంపమీద ఎక్కడ వెలుతురు ఉందో ఆయన చెంపమీదా అక్కడే ఉంది. అది ఆగ్రాలో తీసింది కాదని దేవుడు కూడా చెప్పలేడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాగా కుదిరింది అన్నా" అన్నాను.

ఆయన తనను ఆ ఫోటోలోంచి తీసేశాడు. వదిన ఒక్కతే మిగిలింది. మళ్లీ తనను పెట్టాడు. మళ్లీ తీసేశాడు. ఇట్లా నాలుగైదుసార్లు చేశాక నేను ఉండబట్టలేక, "ఏమయింది అన్నా?" అని అడిగాను.

"ఆమె కండ్లు సూడు."

చూశాను. ఎప్పటి నవ్వు మొహమే. ఊపిరి బిగబట్టినందుకు పెదవులు కొంచెం బిగుసుకున్నాయి. చూపు సూటిగా ముందుకు ఉంది. "కెమెరాను చూస్తాంది. సరిగానే ఉంది కదా" అన్నాను.

"కెమెరా ఎనక ఎవురుండారు?"

నేను తెరవైపు ఇంకొంచెం వంగి చూశాను.

"నన్ను సూస్తాండాది టీచరమ్మా. కువైట్ వోళ్ల పెండ్లాలు నన్ను సూడల్యా, కెమెరాను సూసినారు. అందుకే వాళ్ల పక్కన ఎవుర్ని పెట్టినా కుదిరె. ఈమె నన్ను సూస్తాండాది. నువ్వు గూడా రా అని సూస్తాండాది. నేను పోయి పక్కన నిలబడుకుంటే ఇంగ ఆ సూపు ఎవురికి?"

షట్టరు అవతల బజారు చప్పుడు వినిపిస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాను. "పోనీ ఆ జాగా కత్తిరించెయ్ అన్నా. వదినను ఒక్కదాన్నే పెద్దది చేసి పెట్టుకో" అన్నాను. మంచిమాట చెబుతున్నాననే అనుకున్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. తనను ఫోటోలోంచి చివరిసారిగా తీసేసి, మీట నొక్కి ఆ బొమ్మను చెరిపేశాడు. కలమల్ల ఫోటోలు కూడా ఒక్కొక్కటే చెరిపేశాడు. నేను ఆపలేదు. నాకు ఆపే హక్కు లేదనిపించింది.

"జాగా ఉండనీ" అన్నాడు. "సూసినోళ్లకు తెలియాల. పిలిసింది, నేను పోల్యా."